గొడ్డలి తగలని అడవిలో ఒక సులభమైన నడక

అడవి యను మాట వినగానే మనలో అనేకులకు ముండ్లు, రాళ్లు, పాములు, దారి తప్పుట మొదలగునవి జ్ఞాపకమునకు వచ్చును. అడవికి పోవుట బలవంతులకును సాహసవంతులకును తగిన పని యనియు, మోకాళ్ల నొప్పులు గల వృద్ధులకును చంటిబిడ్డల తల్లులకును అది కాని పని యనియు సాధారణముగా తలంతుము. అయితే వేయి యేండ్లు నిలిచిన చెట్ల నడుమ, చేతికర్ర పట్టుకొన్న తాతయు, చక్రాల కుర్చీలో కూర్చున్న అవ్వయు సుఖముగా సాగిపోదగిన బాట యొకటి లోకములో కలదు. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరముగా సుమారు 12 మైళ్ల దూరమున నున్నది. దాని పేరు మ్యూర్ వుడ్స్. మన మాటలో మ్యూర్ వనము.

ఆ నగర పరిసరములలో నేడు తెలుగు కుటుంబములు అనేకము కాపురముండుట మనకు తెలియును. మన సంఘములలోని తలిదండ్రులు తమ బిడ్డలను చూచుటకు అక్కడికి వెళ్లి నెలల తరబడి ఉండి వచ్చుచున్నారు. అట్టివారిని బిడ్డలు ఈ వనమునకు తీసికొనిపోవుట కద్దు. వారు చెట్లను చూచి, ఫొటోలు తీయించుకొని, "చాల పెద్ద చెట్లు" అని చెప్పుచు తిరిగి వత్తురు. చూచుట వేరు, గ్రహించుట వేరు. ఈ వనము ఎట్టిది, ఎట్లు నిలిచినది, ఎవరివలన మిగిలినది, అది మనలను ఏమి అడుగుచున్నది అను సంగతులను క్రమముగా పరిశీలించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. వెళ్లబోవువారికి ఇది ఉపయోగపడును. వెళ్లలేనివారు ఇంటనుండియే ఆ బాట వెంట నడువగలరు.

1. ఈ అడవి ఏపాటిది?

ఈ వనములో ప్రధానముగా నున్నవి రెడ్‌వుడ్ అనబడు చెట్లు. వాటి కలప ఎర్రగా నుండుటచేత ఆ పేరు వచ్చినది. వృక్షశాస్త్రజ్ఞులు వాటిని సెకోయా సెంపర్‌వైరెన్స్ అని పిలుతురు. సెంపర్‌వైరెన్స్ అనగా ఎల్లప్పుడు పచ్చగా నుండునది అని లాటిను భాషలో అర్థము. లోకములోని వృక్షజాతులన్నిటిలో మిక్కిలి ఎత్తుగా పెరుగునది ఇదియే. మ్యూర్ వనములోని మిక్కిలి ఎత్తైన చెట్టు సుమారు 258 అడుగులు. అనగా ఇరువది అంతస్తుల మేడకంటె ఎత్తు. ఇక్కడి పెద్ద చెట్లలో అనేకములు 500 మొదలుకొని 800 సంవత్సరముల ప్రాయము గలవి. మిక్కిలి పెద్దదానికి 1,200 సంవత్సరములకు తక్కువ ఉండవు.

ఈ చెట్లు ఎల్లయెడల పెరుగవు. ఆరెగాను రాష్ట్రపు దక్షిణపు అంచు మొదలుకొని మధ్య కాలిఫోర్నియా వరకు సముద్ర తీరము వెంబడి సుమారు 450 మైళ్ల పొడవున, ఒక సన్నని పట్టీవలె నున్న ప్రాంతములో మాత్రమే అవి సహజముగా పెరుగును. 1850కి ముందు అట్టి ప్రాచీనారణ్యము సుమారు 20 లక్షల ఎకరములు ఉండెను. పిమ్మట బంగారము కొరకు వచ్చిన జనులకు ఇండ్లు, రేవులు, రైలుదారులు కావలసివచ్చెను. గొడ్డళ్లు, రంపములు అడవిలో ప్రవేశించెను. నేడు ఆ ప్రాచీనారణ్యములో నూటికి అయిదు వంతులు మాత్రమే మిగిలియున్నది.

ప్రాచీనారణ్యము అనగా కేవలము ముసలి చెట్ల గుంపు కాదని మనము గమనింపవలెను. అందులో వేయేండ్ల చెట్టును, నిన్న మొలచిన మొక్కయు, నిలువున ఎండిన మ్రానును, నేల కూలిన దుంగయు కలసియుండును. కూలిన దుంగను ఎవరును తొలగింపరు. అది నెమ్మదిగా క్రుళ్లుచు నాచునకు, ఫెర్ను మొక్కలకు, పురుగులకు, బల్లులకు, లేత మొక్కలకు ఆధారమగును. అడవిని శుభ్రపరచుట యను పేరిట పడిపోయిన వాటిని ఏరివేసినచో అడవి బీదదగును. నరికివేసిన చోట మరల మొక్కలు నాటవచ్చును. కాని ఈ కూర్పు తిరిగి వచ్చుటకు నాటినవాని మనుమల మనుమల కాలమును చాలదు.

2. బాట ఎట్లున్నది?

రెడ్‌వుడ్ వాగు అను చిన్న యేరు టామల్పయస్ కొండ పాదమున ఒక లోయగుండ పారుచున్నది. ప్రధానమైన బాట ఆ వాగు వెంబడి సాగును. కొంత దూరము చదునుగా తారు వేసిన దారి. కొంత దూరము నేలకు పైగా ఎత్తి కట్టిన చెక్క పలకల దారి. వాగు మీద నాలుగు వంతెనలు కలవు. రెండవ వంతెన దాటి ఆవలి గట్టున తిరిగి వచ్చినచో అర మైలు నడక, అరగంట పని. మూడవ వంతెన వద్ద తిరిగినచో ఒక మైలు, ఒక గంట. నాలుగవ వంతెన వరకు పోయినచో రెండు మైళ్లు, గంటన్నర. ఎవరి శక్తి కొలది వారు నడువవచ్చును.

ఆ పలకల దారిని గూర్చి ఒక మాట. పూర్వము జనులు వేరుల మీదనే నడుచుచుండిరి. లక్షలాది పాదముల త్రొక్కుడుచేత నేల గట్టిపడి, వాన నీరు ఇంకక, వేరులకు గాలి అందక చెట్లకు హాని కలుగుచుండెను. అందుచేత అనేక చోట్ల దారిని నేలనుండి ఎత్తిరి. పలకల క్రింద నేల మెత్తబడి మరల మొక్కలు పెరుగుచున్నవి. నడచువాని సుఖము కొరకు వేయబడినదని మనము తలంచు బాట చెట్టు సుఖము కొరకు కూడ వేయబడినది.

దీనికి భిన్నమైన ఉదాహరణము కూడ చెప్పవలెను. అదే రాష్ట్రపు ఉత్తర భాగమున రెడ్‌వుడ్ జాతీయోద్యానములో, 2006లో, హైపీరియన్ అని పేరు పెట్టబడిన సుమారు 380 అడుగుల చెట్టు కనుగొనబడెను. లోకములో తెలిసిన చెట్లలో అది మిక్కిలి ఎత్తైనది. దానికి బాట లేదు. అయినను దానిని చూడవలెనను కుతూహలముతో జనులు పొదలు త్రొక్కుకొని పోయి, దాని మొదట నున్న మొక్కలను నాశనము చేసి, చెత్త విడిచివచ్చిరి. తుదకు 2022లో ఉద్యానవనాధికారులు ఆ చోటికి ఎవరును పోరాదని నిషేధించి, మీరినవారికి శిక్ష నిర్ణయించిరి. బాట గల చెట్లను సంవత్సరమునకు లక్షల మంది చూచుచున్నను అవి నిలిచియున్నవి. బాట లేని చెట్టు కొన్ని వేల మంది చూపునకే తాళలేకపోయినది. హద్దు గల ప్రేమ రక్షించును; హద్దు లేని ప్రేమ త్రొక్కివేయును.

3. ఈ చెట్లు ఎట్లు నిలిచినవి?

ఇంత ఎత్తైన చెట్టునకు వేరు ఎంత లోతున నుండునని అడిగినచో, బావియంత లోతని మనము ఊహింతుము. వాస్తవమునకు దానికి తల్లివేరు లేదు. వేరులు పది పండ్రెండు అడుగుల లోతును మించి సాధారణముగా పోవు. అయితే అవి ప్రక్కలకు నూరడుగుల వరకును వ్యాపించి, పొరుగు చెట్ల వేరులతో పెనవేసికొనును. గాలివాన వచ్చినప్పుడు ఒక్కొక్క చెట్టు ఒంటరిగా నిలువదు. చుట్టునున్న చెట్లను నరికి ఒక్కదానిని మాత్రము విడిచినచో అది గాలికి కూలు ప్రమాదము ఎక్కువ. కాబట్టి ఒక మహావృక్షమును కాపాడవలెనన్న దాని చుట్టునున్న అడవినంతటిని కాపాడవలెను.

రెండవ సంగతి నీరు. కాలిఫోర్నియాలో వేసవి కాలమున వాన కురియదు. అయితే ఆ కాలములోనే చల్లని సముద్రము మీదనుండి దట్టమైన పొగమంచు లోయలోనికి వచ్చును. చెట్ల ఆకులు ఆ మంచును పట్టి, బిందువులుగా నేల మీదికి రాల్చును. కొంత ఆకులే నేరుగా పీల్చుకొనును. రెడ్‌వుడ్ అడవికి సంవత్సరములో అందు నీటిలో సుమారు మూడవ వంతు ఈ పొగమంచు వలననే కలుగుచున్నదని పరిశోధకులు కొలిచి తెలిసికొనిరి. చెట్టు తన వాన తానే కురిపించుకొనుచున్నది. ఆ చెట్టు లేనిచో అదే మంచు ఆ లోయమీదుగా వట్టిగా సాగిపోవును.

మూడవది అగ్ని. ముదిరిన చెట్టునకు ఒక అడుగు మందము వరకును బెరడు ఉండును. అందులో మండెడి జిగురు లేదు. వగరు పదార్థము మెండుగా నుండుటచేత పురుగులు, తెగుళ్లు కూడ సులభముగా తాకవు. బాట ప్రక్కన కొన్ని చెట్లు మొదట నల్లగా కాలి, లోపల గుహవలె బోలుగా నుండును. అయినను పైన పచ్చగా నుండును. 2020 ఆగష్టు నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణముననున్న బిగ్ బేసిన్ అను రెడ్‌వుడ్ వనము ఘోరమైన మంటలకు లోనయ్యెను. మండిన మ్రానులను చూచి అంతయు నశించెనని అనేకులు దుఃఖించిరి. కొన్ని నెలలలోనే ఆ నల్లని మ్రానులలో అధిక భాగము పచ్చని చిగుళ్లు తొడిగెను.

నాలుగవది సంతానము. ఇంత గొప్ప చెట్టు యొక్క విత్తనము టొమాటో విత్తనమంతయే. అందులో మొలకెత్తునవి కొద్ది. అయితే చెట్టు మొదట బుడిపెలుండును. వాటిలో నిద్రించు మొగ్గలుండును. చెట్టు కూలినను, కాలినను, నరకబడినను ఆ మొగ్గలు మేల్కొని, పాత మొద్దు చుట్టును వలయాకారముగా క్రొత్త చెట్లు లేచును. బాటలో నడచుచు, ఒక ఖాళీ స్థలము చుట్టును గుండ్రముగా నిలిచిన చెట్లను చూచినచో, ఆ నడుమ వాటి తల్లి యుండెనని తెలిసికొనుడి.

4. కూలిన చెట్టు చెప్పు చరిత్ర

వనములో ఒక పెద్ద చెట్టు యొక్క అడ్డుకోత ప్రదర్శింపబడియున్నది. ఆ చెట్టు 909వ సంవత్సరమున మొలచి 1930లో కూలెను. దాని వలయముల మీద కొలంబసు ప్రయాణము మొదలగు సంఘటనల గుర్తులు పెట్టియున్నారు. తెలుగువారము మన గుర్తులను మనమే ఆ వలయముల మీద పెట్టుకొని చూచినచో దాని ప్రాయము మనకు బాగుగా బోధపడును.

రాజమహేంద్రవరమున రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయ భారత రచనకు పూనుకొన్న పదకొండవ శతాబ్దమున ఆ చెట్టు నూరేండ్లు దాటిన యౌవనములో నుండెను. 1323లో ఓరుగల్లు కోట పడిపోవునాటికి దాని ప్రాయము 414 సంవత్సరములు. 1509లో శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సింహాసనమెక్కునాటికి సరిగా 600. 1805లో లండను మిషనరీలైన జార్జి క్రాను, అగస్టస్ డెగ్రాంజి అనువారు విశాఖపట్టణమున దిగునాటికి 896. మన దేశమున ఉప్పు సత్యాగ్రహము జరిగిన సంవత్సరముననే అది కూలెను. ఆ వలయములలో వెడల్పైనవి నీరు సమృద్ధిగా అందిన సంవత్సరములు; సన్ననివి కరవు సంవత్సరములు. చెట్టు తన మంచి దినములను మాత్రమే వ్రాసికొని, చెడ్డ దినములను విడిచిపెట్టలేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడి. ముందు దీనితో పని యున్నది.

5. ఈ అడవి ఎట్లు మిగిలినది?

పరిశుద్ధ గ్రంథము చదువు మనకు లెబానోను దేవదారు వృక్షములు పరిచితములు. సొలొమోను కట్టించిన మందిరమునకు ఆ మ్రానులు తెప్పలుగా కట్టబడి సముద్రము మీద వచ్చెను. ఫరోలు, రాజులు, చక్రవర్తులు అందరును ఆ కలపనే కోరిరి. ఆ కొండలను కప్పిన అడవిలో నేడు అక్కడక్కడ చిన్న తోపులు మాత్రమే మిగిలియున్నవి. బ్షర్రి పట్టణము దగ్గర నున్న ప్రసిద్ధమైన తోపును 1998లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఒక అడవి వేల సంవత్సరములు పేరుపొందియుండవచ్చును; పేరు దానిని రక్షింపలేదు.

మ్యూర్ వనము మొదట మిగులుటకు కారణము మనుష్యుల మంచితనము కాదు. లోయ ఇరుకుగాను, దారులు కష్టముగాను ఉండుటచేత కలపవారు దానిని కడపటికి విడిచిరి. అయితే 1896లో ఆ కొండమీదికి రైలు వచ్చెను. చుట్టుప్రక్కల అడవులు తరిగిపోవుచుండగా, ఇది కూడ ఎంతోకాలము నిలువదని తేలిపోయెను. 1904లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా క్లబ్బు అను మహిళా సంఘమువారు దీనిని కాపాడుటకు ఉద్యమము లేవదీసిరి. 1905లో విలియం కెంట్, ఆయన భార్య ఎలిజబెత్ థాచర్ కెంట్ అను దంపతులు సుమారు 611 ఎకరముల భూమిని 45,000 డాలర్లకు కొనిరి.

మరుసటి సంవత్సరము ఏప్రిల్ 18న గొప్ప భూకంపమును, దాని వెంట మంటలును శాన్‌ఫ్రాన్సిస్కో నగరమును నాశనము చేసెను. తిరిగి కట్టుటకు కలప కావలెను, నీరు కావలెను. 1907లో ఒక నీటి సరఫరా సంస్థ ఈ లోయకు ఆనకట్ట కట్టి జలాశయము చేయవలెనని, భూమిని బలవంతముగా స్వాధీనపరచుకొనుటకు న్యాయస్థానమున దావా వేసెను. చట్టము ఆ సంస్థ పక్షమున నుండెను. ఒక పౌరుని సొత్తుగా నున్నంతకాలము ఆ వనమును రక్షించుట కష్టము. అప్పుడు కెంట్ దంపతులు ఒక ఉపాయము చేసిరి. 1906లో పుట్టిన పురాతన స్థలముల చట్టము ననుసరించి, చెట్లున్న 295 ఎకరములను అమెరికా ప్రభుత్వమునకు ఉచితముగా ఇచ్చివేసిరి. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దానిని జాతీయ స్మారకముగా ప్రకటించెను. సొంతదారుడు దానమిచ్చిన భూమితో ఏర్పడిన మొదటి జాతీయ స్మారకము ఇదియే. దక్కించుకొనుటకు విడిచిపెట్టుట తప్ప మరియొక మార్గము లేని సమయములు ఉండునని దీనివలన నేర్చుకొందుము.

6. పేరును, దాని వెనుకనున్న మనుష్యులును

అధ్యక్షుడు ఆ వనమునకు కెంట్ పేరు పెట్టగోరెను. కెంట్ ఒప్పుకొనలేదు. తన పేరును తన కుమారులు నిలుపలేనిచో అది మరువబడినను తనకు సమ్మతమేనని ఆయన తెలియజేసి, జాన్ మ్యూర్ పేరు ఉంచవలెనని కోరెను. మ్యూర్ 1838లో స్కాట్లండులోని డన్‌బార్ పట్టణమున జన్మించెను. మిక్కిలి కఠినుడైన తండ్రి కట్టడిచేత బాల్యముననే క్రొత్త నిబంధన యంతయు, పాత నిబంధనలో అధిక భాగమును కంఠస్థము చేసెను. 1849లో కుటుంబముతో అమెరికాకు వెళ్లి, తరువాత కాలిఫోర్నియా కొండలలో నడచుచు, వ్రాయుచు, అడవుల పక్షమున వాదించుచు జీవించెను. 1903లో లోకయాత్రకు బయలుదేరి, ఆ ప్రయాణములో మన దేశమునకు వచ్చి సిమ్లా ప్రాంతమున హిమాలయపు దేవదారు చెట్లను చూచెను.

ఇంతవరకు కథ ఇంపుగా నున్నది. అయితే చెట్టు వలయములలో సన్ననివి కూడ ఉండునని చెప్పుకొంటిమి. ఆనకట్టనుండి తన వనమును తప్పించిన అదే కెంట్, చట్టసభ సభ్యుడై, 1913లో యోసెమిటీ ఉద్యానములోని హెచ్‌హెచీ లోయకు ఆనకట్ట కట్టుటకు మద్దతిచ్చెను. మ్యూర్ ఆ లోయ కొరకు సంవత్సరముల తరబడి పోరాడి ఓడిపోయి, 1914 డిసెంబరు 24న మరణించెను. అంతేగాక కెంట్ ఆసియా దేశస్థుల వలసకును, వారు భూమి కలిగియుండుటకును విరోధముగా నిలిచినవారిలో ఒకడు. ఆ కాలపు అట్టి చట్టములవలన కాలిఫోర్నియాలోని భారతీయ రైతులు కూడ బాధపడిరి. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున భారతీయులు అమెరికా పౌరులగుటకు అర్హులు కారని అక్కడి అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను; 1946 వరకు ఆ తలుపు మూయబడియుండెను. మ్యూర్ సహితము తన తొలి వ్రాతలలో ఆదివాసులను, నల్లవారిని హీనముగా పేర్కొనెను. ఆయన 1892లో స్థాపించుటకు తోడ్పడిన సియెరా క్లబ్ అను సంఘమే 2020లో ఆ సంగతిని బహిరంగముగా ఒప్పుకొనెను. వీరందరికంటె వేల యేండ్లకు ముందు కోస్ట్ మివాక్ అను ఆదివాసులు ఆ ప్రాంతమున నివసించి, చిన్న మంటలతో అడవిని సవరించుచు జీవించిరి.

2021లో అక్కడి ఉద్యోగులు వనపు చరిత్రను చెప్పు పలక మీద పసుపు రంగు చీటీలతో ఈ విడువబడిన సంగతులను చేర్చిరి. ఆదివాసులను, మహిళలను, కెంట్ లోపములను అవి జ్ఞాపకము చేసెను. 2025 జూలైలో పై ప్రభుత్వపు ఆజ్ఞల ననుసరించి అవి తొలగింపబడెను. మంచి పని చేసినవాని తప్పు చెప్పుట కృతఘ్నత యని కొందరనవచ్చును. కాని తప్పు చెప్పుటచేత దానము చిన్నది కాదు; దానము చెప్పుటచేత తప్పు మాసిపోదు. కెంట్ ఇచ్చిన అడవిలో, ఆయన రానీయవద్దన్న దేశముల బిడ్డలు నేడు తమ తలిదండ్రుల చేయి పట్టుకొని నడిపించుచున్నారు. ఆ నడక సంతోషకరము. దాని వెనుకనున్న సత్యమంతయు తెలిసి నడచుట మరింత మేలు.

7. దేవాలయమను తోపు

బాటలో లోపలికి పోగా కెథీడ్రల్ గ్రోవ్ అను తోపు వచ్చును. కెథీడ్రల్ అనగా ప్రధాన దేవాలయము. మ్రానులు స్తంభములవలె నిలిచి, పైన కొమ్మలు కప్పుగా కూడుటచేత ఆ పేరు వచ్చినది. 1945లో ఐక్యరాజ్య సమితిని స్థాపించుటకు లోకరాజ్యముల ప్రతినిధులు శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడియుండిరి. ఆ సభకు మూలపురుషుడైన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సభ ఆరంభమగుటకు ముందే, ఏప్రిల్ 12న, మరణించెను. మే 19న ప్రతినిధులు ఈ తోపులో కూడి ఆయనను స్మరించిరి. దానికి గుర్తుగా నేడు అక్కడ ఒక ఫలకము కలదు. ఆ మహాసభకు వచ్చిన భారత ప్రతినిధివర్గమునకు నాయకుడు కర్నూలులో జన్మించిన సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారు. జూన్ 26న ఐక్యరాజ్య సమితి శాసనపత్రము మీద భారతదేశము పక్షమున సంతకము చేసినవారిలో ఆయన యొకడు.

ఈ తోపులో మౌనముగా నుండుడని పలకలు పెట్టియున్నారు. అట్టి పలకలు నిజముగా పనిచేయునా యని పరిశోధకులు శబ్దమును యంత్రములతో కొలిచి చూచిరి. పలకలున్న దినములలో జనుల సందడి తగ్గినదని కొలతలు చూపెను. ఏ కావలివాడును గద్దింపనక్కరలేకపోయెను. అడిగినచో మనుష్యులు మౌనముగా నుండగలరు. అప్పుడు వాగు శబ్దమును, చిన్న పక్షుల పాటయు వినబడును.

ఆ వాగును గూర్చి కూడ ఒక మాట. 1930 ప్రాంతములలో గట్లు కోసుకొనిపోకుండ మంచి ఉద్దేశముతోనే పనివారు వాగునకు రాతి కట్టడములు కట్టిరి. దానివలన నీరు వేగముగా పారి, కోహో జాతి సాల్మన్ చేప పిల్లలకు దాగుకొను మడుగులు లేకపోయెను. ఆ చేపలు నేడు అంతరించు ప్రమాదములో నున్నవి. ఇటీవలి సంవత్సరములలో ఆ రాళ్లను కొన్ని చోట్ల తీసివేసి, దుంగలను వాగులో పడనిచ్చిరి. సదుద్దేశముతో చేసిన పనిని కూడ మరల పరీక్షించి సరిదిద్దుకొనుట అడవి కాపరులకు అవసరమైనది.

8. నడువబోవువారికి సూచనలు

2018 జనవరి నుండి వాహనము నిలుపుటకు గాని, అక్కడి బస్సులో చోటు కొరకు గాని ముందుగా నమోదు చేసికొనవలెను. లోయలో ఫోను పనిచేయదు. కావలసిన కాగితములను ముందే సిద్ధపరచుకొనుడి. వేసవిలోను అక్కడ చలిగా, తేమగా నుండును. వృద్ధులకు ఒక స్వెట్టరు, పలక మీద జారని చెప్పులు అవసరము. ఉదయము పెందలకడ వెళ్లినచో జనసమ్మర్దము తక్కువ. ప్రధానమైన బాట చదునైనది గాని, దానినుండి కొండమీదికి చీలిన దారులు నిటారుగాను మట్టిగాను ఉండును. బలహీనులు వాటిని ఎక్కరాదు. బాట దిగి వేరుల మీద నిలుచుట, బెరడు పీకుట, ఆకు గాని కాయ గాని జ్ఞాపకార్థము తెచ్చుకొనుట కూడదు. అన్నిటికంటె ముఖ్యముగా, తొందరపడకుడి. వేయేండ్లు నిలిచినదానిని పది నిమిషములలో చూచి ముగింపలేము.

ప్రియ చదువరులారా, ఈ లోయ ఒకప్పుడు చేరరానిదగుటచేత మిగిలెను. నేడు అందరికి చేరదగినదై, అందరు హద్దు పాటించుటచేతనే మిగులవలసియున్నది. మొదటిది భూమి చేసిన కాపుదల. రెండవది మనుష్యుల మీద పెట్టబడిన బాధ్యత. చక్రాల కుర్చీ పోదగిన బాట వేసి, ఆ బాట దాటవద్దని చెప్పుట ఒకే ప్రేమకు రెండు ముఖములు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. రెడ్‌వుడ్ చెట్టు లోతైన తల్లివేరు లేకయే ఎట్లు నిలుచుచున్నది? మీ కుటుంబమున, సంఘమున ఒంటరిగా విడువబడినవారు ఎవరు?

2. కెంట్ దంపతులు భూమిని ఇచ్చివేయక తమ యొద్దనే ఉంచుకొనినచో ఏమి జరిగియుండును?

3. ఒకని మేలును, అతని తప్పును కలిపి చెప్పుట ఎందుకు కష్టము? మీ ఊరి చరిత్రలో, మీ సంఘ చరిత్రలో విడువబడిన పేర్లు ఏవి?

4. మీ ఆలయ ఆవరణలోని పెద్ద చెట్టును ఎవరు నాటిరి? దాని మొదట సిమెంటు పోయక నేలకు నీరు, గాలి అందనిచ్చుచున్నారా?

5. మీరు ప్రేమించు స్థలములకు వృద్ధులును, నడువలేనివారును చేరుటకు దారి యున్నదా? లేనిచో దానిని వేయుటకు మీరేమి చేయగలరు?